తమ్ముడిచ్చిన సీసా

ఆ ఇంట్లో నోటికన్నా ముందు కాళ్ళూ చేతులూ మాట్లాడతాయి. తల్లికి కోపం వస్తే గరిటె లేస్తుంది, ప్రేమ పొంగినా అదే గరిటె. బాత్‌రూమ్ ఖాళీ కావాలంటే పెద్దోడు తలుపు తంతాడు. ఏళ్ళ తరబడి తన్నగా తన్నగా ఆ తలుపు అడుగు చెక్క లోపలికి వంగిపోయింది.

ఆ రోజు పొద్దున కూడా తన్నాడు.

"ఒరే చిన్నోడా, బయటికొస్తావా, తలుపు ఊడబెరకమంటావా?"

"ఊడబెరుకు. తర్వాత కళ్ళు మూసుకోవాల్సింది నువ్వే" అన్నాడు తమ్ముడు లోపల్నుంచి తాపీగా.

"వాగింది చాలు. ఈ సీసా పట్టు." పెద్దోడు గొంతు తగ్గించి తలుపు సందులోంచి చిన్న ప్లాస్టిక్ సీసా అందించాడు. "దీన్లో పోసివ్వు."

పెద్దోడు ఇనుప యార్డులో క్రేన్ నడుపుతాడు. ఆ యార్డు డాక్టరమ్మ ఏడాదికోసారి అందరికీ పరీక్షలు చేస్తుంది. పొద్దున్నే పోసిన మొదటి మూత్రం ఇంటినుంచే పట్టి తెమ్మంటుంది. కొన్ని నెలలుగా పెద్దోడికి ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరడం లేదు, పదేపదే బాత్‌రూమ్‌కి పరుగెత్తాల్సి వస్తోంది. అది షుగరే అని భార్య చెవినిల్లు కట్టుకుని చెప్పింది. షుగరుందని తేలితే క్రేన్ దిగాలి. కిందటేడు అలా దిగినవాడు ఇప్పుడు యార్డు గేటు దగ్గర కాపలాగా నిలబడి, ఒకప్పుడు తను తిట్టిన డ్రైవర్లకే సలాం కొడుతున్నాడు. ఆ సలాం తలచుకుంటేనే పెద్దోడికి ఒళ్ళు మండేది.

చిన్నోడు సీసా పట్టుకుని బయటికొచ్చాడు. వాడు గోడౌన్‌లో మూటలు మోస్తాడు. రెండు మూటలు ఒకేసారి వీపున వేసుకునే మనిషి, వాడికి జబ్బేమిటని ఇంటిల్లిపాదికీ ధీమా.

"తీసుకో అన్నయ్యా, స్వచ్ఛమైన సరుకు. నురగ చూడు, సోడాలా పొంగుతోంది!"

"పొద్దెక్కాక లేచావు, ఇంకా మొహం చూడు ఎలా ఉబ్బిందో. నిద్రమొహం వెధవ" అంటూ తల్లి గరిటెతో వాడి వీపున ఒకటి అంటించింది. వాడు నవ్వుతూ నడుం పట్టుకుని, రోజూ మింగే నొప్పి బిళ్ళ ఒకటి నోట్లో వేసుకుని పనికి వెళ్ళిపోయాడు. జరిగిందంతా వంటగది గుమ్మంలోంచి చూసిన పెద్దోడి భార్య మాత్రం మొగుడి వైపు చురచురా చూసింది.

మర్నాడు డాక్టరమ్మ పెద్దోణ్ణి పిలిపించింది.

"నీ మూత్రంలో ప్రొటీన్ ఇంతలా పోతోందేమిటయ్యా? రక్తం జాడ కూడా ఉంది." ఆమె బీపీ చూసింది, మామూలుగానే ఉంది. అతని కాలి మీద బొటనవేలితో నొక్కి చూసింది, వాపు గుంట పడలేదు. "వింతగా ఉందే! కిడ్నీ జబ్బు ముదిరేదాకా నొప్పి పెట్టదు. పొద్దున లేచేసరికి మొహం ఉబ్బుతుంది, సాయంత్రానికి కాళ్ళు వాస్తాయి, మూత్రం నురగ కడుతుంది. ఇవేమైనా ఉన్నాయా నీకు?"

ఆమె చెబుతున్న ఒక్కో మాటకీ పెద్దోడికి తమ్ముడి మొహం కళ్ళముందు కనబడుతోంది.

"లేవమ్మా."

"నొప్పి బిళ్ళలు రోజూ మింగుతావా?"

"మింగితే ఏమవుతుంది?"

"నడుం నొప్పి తగ్గుతుంది, కిడ్నీలు పోతాయి" అంది ఆమె విసుగ్గా. "ఒక్క పరీక్షతో తేల్చలేం. రేపు ఇంకో సీసా తీసుకురా. మళ్ళీ ఇలాగే వస్తే రక్తంలో క్రియాటినిన్ చూడాలి, స్కానింగ్ తీయించాలి."

దారి పొడుగునా పెద్దోడు తనతో తనే కొట్లాడాడు. రేపు భార్యది పట్టుకుపోతే పరీక్ష సాఫీగా గట్టెక్కుతుంది. మొదటిది పొరపాటనుకుంటారు, క్రేన్ మిగులుతుంది. మరి తమ్ముడు? వాడి చేత బిళ్ళలు మాన్పిస్తే చాలదా? నిజం చెప్పక్కర్లేదు. పాము చావదు, కర్ర విరగదు. అలా అనుకున్నాడు గానీ ఇల్లు చేరేసరికి ఆ మోసం తన మీదే కోపమై, ఆ కోపం ఎప్పటిలాగే చేతుల్లోకి దిగింది.

చిన్నోడు గోడకి చేరగిలబడి బిళ్ళ నోట్లో వేసుకోబోతున్నాడు. పెద్దోడు చెప్పులైనా విడవకుండా వెళ్ళి ఆ చేతిమీద ఒక్కటిచ్చాడు. బిళ్ళ ఎగిరి ఎక్కడో పడింది. వాడి జేబులో ఉన్న మిగతావన్నీ లాగి కిటికీలోంచి మురిక్కాలవలోకి విసిరేశాడు.

"ఇంకోసారి ఇవి మింగావంటే చేతులు విరగ్గొడతా!"

"నీకేమైనా పిచ్చెక్కిందా? రేపు మూటలు నువ్వు మోస్తావా?" చిన్నోడు లేచి నిలబడ్డాడు. "పైన కుర్చీలో కూర్చుని మీటలు లాగేవాడివి, నడుం నొప్పంటే నీకేం తెలుసు?"

చెంప ఛెళ్ళుమంది. మరుక్షణం చిన్నోడు తలవంచి అన్న పొట్టలో కుమ్మాడు. ఇద్దరూ వెళ్ళి గిన్నెల అలమర మీద పడ్డారు. గిన్నెలు ఇల్లంతా దొర్లాయి. చిన్నోడి పిడికిలికి పెద్దోడి పెదవి చిట్లింది, పెద్దోడి మోచేతికి చిన్నోడి ముక్కు పగిలింది. తల్లి గరిటె పుచ్చుకుని ఎవరికి తగిలితే వాళ్ళకి తగిలిస్తోంది. చిన్నోడు పాకుతూ కాలవలో బిళ్ళల కోసం గుమ్మం వైపు వెళ్ళబోతే, పెద్దోడు వాడి పిక్క దొరకబుచ్చుకుని గట్టిగా నొక్కి వెనక్కి ఈడ్చాడు.

"వదులు!"

"వదలను! చచ్చిపోతావురా వెధవా!"

చిన్నోడు అన్న చేతిని కొరికాడు. పెద్దోడు వదిలాడు. వదిలి, అలాగే చూస్తూ ఉండిపోయాడు. తమ్ముడి కాలిమీద తన వేళ్ళ గుర్తులు గుంటలు పడి ఉన్నాయి. ఎంతసేపు చూసినా అవి పూడలేదు.

"ఇదేంట్రా?" తల్లి చేతిలో గరిటె కిందికి దిగింది. "పిండిలో వేలు గుచ్చినట్టుందేంట్రా ఈ కాలు?"

పెద్దోడు గోడకేసి తల కొట్టుకోసాగాడు. భార్య వచ్చి జుట్టు పట్టుకుని ఆపింది.

"ఆ తల పగలగొట్టుకునే ముందు, డాక్టరమ్మ ఏమందో చెప్పండి."

చెప్పాడు. క్రేన్ కోసం సీసా మార్చిన సంగతి, డాక్టరమ్మ అడిగిన ప్రతి ప్రశ్న, రేపు ఇంకో సీసాతో తప్పించుకోవాలనుకున్న సంగతి, అన్నీ వెళ్ళగక్కాడు. చెబుతూ చెబుతూ చిన్నపిల్లాడిలా వెక్కిళ్ళు పెట్టాడు.

"ఉబ్బిన మొహం రోజూ నా కళ్ళముందే ఉంది కదరా. నిద్రమొహమని నవ్వాను కదరా నాయనా!" తల్లి గరిటె పారేసి చిన్నోడి కాళ్ళ దగ్గర కూలబడింది.

చిన్నోడు ముక్కు తుడుచుకున్నాడు. "అయితే స్వచ్ఛమైన సరుకు కాదన్నమాట" అని నవ్వబోయాడు, నవ్వు రాలేదు. అన్న వైపు తిరిగి అన్నాడు: "అన్నయ్యా, రేపు వదినదే పట్టుకుపో. నేను వేరే ఆసుపత్రికి వెళ్తాలే. నీ క్రేన్ పోకూడదు."

పెద్దోడి చెయ్యి మళ్ళీ లేచింది. చిన్నోడు అలవాటుగా తల పక్కకి తిప్పుకున్నాడు. కానీ ఆ చెయ్యి దెబ్బగా పడలేదు. తమ్ముడి మెడ చుట్టూ పడి, వాణ్ణి రొమ్ముకి అదుముకుంది.

"నోర్మూసుకో. క్రేన్ ఇనుప ముక్కరా. పోతే ఇంకోటి ఉంటుంది."

మర్నాడు అన్నదమ్ములిద్దరూ వాచిన మూతులతో, ఎవరి సీసా వాళ్ళు పట్టుకుని డాక్టరమ్మ ముందు నిలబడ్డారు. ఆమె పెట్టిన చీవాట్లు యార్డు గేటుదాకా వినపడ్డాయి. పెద్దోడికి షుగరే. అదుపులోకి వచ్చేదాకా క్రేన్ ఎక్కకూడదంది, కింద గొలుసులు తగిలించే పనికి మార్చారు. చిన్నోడికి బీపీ పైకుంది. రక్తపరీక్షలోనూ స్కానింగ్‌లోనూ కిడ్నీలు దెబ్బతిన్నాయని తేలింది. అసలు జబ్బేమిటో తెలియాలంటే సూదితో కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూడాలంటూ పెద్దాసుపత్రికి రాసిచ్చింది.

"పూర్తిగా బాగవుతుందని మాటివ్వను. కానీ ఇంకొన్నాళ్ళు అవే మింగి ఉంటే నేరుగా డయాలసిస్ మంచం మీదికే వెళ్ళేవాడివి" అని చిన్నోడితో చెప్పి, పెద్దోడి వైపు తిరిగింది. "నువ్వు చేసింది దొంగపని. నోరు విప్పావు కాబట్టి వీడు నా ముందు కూర్చున్నాడు."

తర్వాతి పొద్దున పెద్దోడు ఎప్పటిలాగే బాత్‌రూమ్ దగ్గరికి వచ్చాడు. తలుపు వేసి ఉంది. కాలు లేచింది. వంగిపోయిన చెక్క కంటబడి ఆగింది. కాలు మెల్లగా దించి, వేలి కణుపులతో తలుపు మీద రెండుసార్లు తట్టాడు.

లోపల నీళ్ళ చప్పుడు ఆగింది. ఆ ఇంట్లో ఆ తలుపుని అలా తట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు.

"ఎవరండీ?" అన్నాడు చిన్నోడు భయంభయంగా.

పెద్దోడు నుదురు తలుపుకి ఆనించాడు.

"నేనేరా, అన్నయ్యని. తొందరేం లేదు, నిదానంగా రా."