కెరటం తెచ్చిన కొస

మాఘపౌర్ణమికి సముద్రస్నానమంటే పెడన నేతగాళ్ళకి పెళ్ళికి వెళ్ళినంత సంబరం. ఆ పూట మగ్గాలకి సెలవు. యుద్ధం పుణ్యమా అని నూలు దొరక్క అవి ఎలాగూ సెలవులోనే ఉన్నాయి, అది వేరే సంగతి. వెంకటప్పయ్య బండి కట్టాడు. వెనక తల్లి హనుమాయమ్మ, పెళ్ళాం పున్నమ్మ, కూతురు శివపార్వతి, ఓ చద్దిమూట. జనం రాకముందే స్నానం కానిచ్చేద్దామని తెల్లవారేసరికి మంగినపూడి ఇసుకలో బండి ఆపారు.

పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోతే, నిలిచిన ఒక్క పిల్ల శివపార్వతి. బతికితే సముద్రంలో ముంచి తెస్తానని పున్నమ్మ మొక్కుకుంది. మొక్కు తీర్చకపోతే దేవుడంటే భయం. తీర్చాలంటే సముద్రమంటే భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

హనుమాయమ్మ ఏటా వచ్చే మనిషి. "మోకాలిలోతు దాటద్దు. కెరటానికి వీపు చూపించద్దు. కాలికింద ఇసక జారుతుంటే అడుగు తియ్యద్దు" అంటూ సంచిలోంచి కొయ్యని తువ్వాళ్ళ తాను తీసింది. ఆ ఇంటి ఆచారం అది. తాను ఒక కొస ఒడ్డున ఆమె చేతిలో ఉంటుంది. తరవాత పున్నమ్మ నడుముకి, పిల్ల నడుముకి, చివర వెంకటప్పయ్య మొలకి ముడులు. "మీ అమ్మ మనల్ని కూడా మగ్గం మీద పోగుల్లా పడుగు పోసేస్తోంది" అని పున్నమ్మ మొగుడితో నవ్వింది.

నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. పొగమంచులో ఒడ్డు కనబడటం లేదు. కెరటాల హోరు, నాచు వాసన. పున్నమ్మ పిల్లని ఒకసారి ముంచింది. రెండోసారి ముంచబోతుంటే, చప్పుడు లేకుండా ఓ పెద్ద కెరటం వచ్చి అందర్నీ దొర్లించేసింది.

పున్నమ్మ లేచేసరికి పిల్ల చంకలోనే ఉంది. మొగుడు లేడు.

"ఇదుగో!" అని పిలిచింది.

నురగలో ఓ గుడ్డ కొస తేలుతూ వచ్చి చేతికి తగిలింది. తెగింది! ఆయన కొస తెగిపోయింది! అంతే, ఇంకేం ఆలోచించలేదు. పోగు తెగితే మగ్గం మీద కళ్ళు మూసుకునైనా అతికే చేతులవి. ఆ కొసని పిల్ల నడుముకున్న ముడికి చేర్చి బిగించేసింది. బిగించాకే గుండె కుదుటపడింది.

"ఒసే, పున్నీ... పిల్లేదీ?"

గొంతు వెనకనుంచి వచ్చింది. ఒడ్డువైపునుంచి.

తిరిగి చూసింది. వెంకటప్పయ్య ఉప్పునీళ్ళు కక్కుతూ లేస్తున్నాడు. కెరటం అతన్ని ఒడ్డుకే విసిరింది. అతని మొలకి ముడి ఉంది. తాను ఎక్కడా తెగలేదు.

మరి... తను కట్టింది?

సముద్రం లోపలినుంచి ఆ గుడ్డ బిగిసింది. మెల్లగా. ఒక లాగు. ఆగి, ఇంకొక లాగు... కెరటం లాగే తీరు కాదది. చేతులు మార్చుకుంటూ లాగే తీరు.

"అమ్మా, నొప్పి" అంది పిల్ల.

పున్నమ్మ ముడి విప్పబోయింది. తడిస్తే విడవని ముడి, తన చేతి ముడి. గోళ్ళు విరిగాయి. వంగి పళ్ళతో కొరికింది. నోటినిండా బురద, కుళ్ళిన గంజి వాసన. గుడ్డ పుటుక్కున తెగింది. అంత తేలిగ్గా వదులుతుందని ఆమె అనుకోలేదు.

ముగ్గురూ ఒడ్డున పడ్డారు. పిల్లకి పొడిగుడ్డ కట్టి, గుండెకి హత్తుకుని, పున్నమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. పిల్ల దక్కింది, ఇంకేం కావాలి!

ఎండెక్కాక బండి కదిలింది. ఎడ్లు మెడలు వంచి లాగుతున్నాయి. పొద్దున చులాగ్గా వచ్చిన బండి చక్రాలు ఇప్పుడు ఇసకలో కూరుకుపోతున్నాయి.

జరిగిందంతా విన్న హనుమాయమ్మ కోడలి చెవి దగ్గరికి వంగింది. "మా అమ్మ చెప్పేదే... తన చిన్నప్పుడొచ్చిన ఆ పెద్ద ఉప్పెననాడు విడిపోకూడదని మనోళ్ళు ఇంటిల్లిపాదీ తాన్లతో కట్టుకున్నారంట. కట్టుకున్నోళ్ళు కట్టుకున్నట్టే పోయారంట."

"ఊరుకో అత్తా. పిల్ల వింటది."

పిల్ల వినడం లేదు. బండి వెనకవైపు చూస్తోంది.

"అమ్మా, కాస్త జరుగు."

"ఎందుకే?"

"వాళ్ళకి చోటు చాలట్లేదు. ఇంకా ఎక్కుతానే ఉన్నారు."

పున్నమ్మ వెనక్కి చూడలేదు. పిల్లని ఒళ్ళోకి లాక్కుని, పక్కకి జరిగింది.

ఖాళీ అయిన చోట బండిలో పరిచిన గడ్డి మెల్లగా అణిగింది.