జంటతెర

2094లో చంద్రుడి మీద గుక్కెడు నీళ్లు తాగాలన్నా జంటతెరకు చెప్పాల్సిందే. మంచుగనుల్లోని పంపులు, కొలుములు, కవాటాలు అన్నీ దాని చేతిలోనే ఉన్నాయి. తెర పైభాగం దృశ్యఫలకం, అంటే వేలితో తాకి పనిచేయించే గ్రాఫికల్ ఇంటర్‌ఫేస్. కిందిది ఆజ్ఞాపంక్తి. అక్కడ కమాండ్ టైపు చెయ్యాలి.

కింది భాగం హైమవతి సృష్టి, పైభాగం ఉత్పలది. రెంటినీ కలిపింది మాత్రం హైమవతి రాసిన ఒక నియమం. ఎవరైనా ఒక ఆజ్ఞను పదేపదే టైపు చేస్తే వాళ్ల దృశ్యఫలకం మీద అది మీటగా మొలుస్తుంది. వాడకం పెరిగేకొద్దీ మీట పెద్దదవుతుంది. రోజూ చేసే పనికి రోజూ టైపు చెయ్యడమెందుకన్నది ఆమె వాదన.

అయినా చూసినవాళ్లంతా "ఆ బొమ్మలు భలే ఉన్నాయండీ" అనేవారు. ఆజ్ఞాపంక్తి వంక చూసే నాథుడే లేడు. తనది పద్దెనిమిదేళ్ల అనుభవం, ఉత్పల నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల. హైమవతికి కడుపు రగిలిపోయేది. ఆ బొమ్మల మొహం చూడనని ఒట్టేసుకుని, తన తెర పైభాగం మూసేసి, టైపు చేస్తూనే ఆర్నెల్లు నెట్టుకొచ్చింది.

ఇంతలో ప్రధాన నియంత్రకురాలి పదవి ఖాళీ అయింది. హైమవతి ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న పదవి అది. ఇద్దరూ ఎవరి తెర మీద వాళ్లు పనిచేసి చూపించాలన్నారు డైరెక్టర్ కోదండపాణి.

"ముందు మీరు కానివ్వండి హైమవతిగారూ. పైభాగం కూడా తెరవండి, మొత్తం చూడాలి కదా."

తప్పక తెరిచింది. పంపుల మీటలు, కవాటాల మీటలు ఓ మూలకు ఒదిగి ఉన్నాయి. తక్కిన చోటంతా ఒకే ఒక్క మీట: ఉత్పల ఏం చేస్తోంది?

"ఇదేమిటి?" అన్నారు కోదండపాణి.

జంటతెరే జవాబు చెప్పింది. "ఉత్పల పనిని చూపించే ఆజ్ఞ. ఆర్నెల్లలో పదకొండువేల నాలుగువందల సార్లు టైపు చేశారు. ఇక శ్రమ పడక్కర్లేదు."

హైమవతికి తల కొట్టేసినట్టయింది. అంతలోనే చిన్న ఆశ కూడా పుట్టింది. తర్వాత తెరవాల్సింది ఉత్పల తెరే. అదీ మనిషే కదా, దాని తెర మీద తన పేరు ఇంతకన్నా పెద్దగా ఉండి తీరుతుంది.

ఉత్పల తెరిచింది. పంపులు, కవాటాలు, కొలుములు, క్యాంటీన్ ఉప్మా. హైమవతి మూలమూలా వెతికింది. తన పేరు ఎక్కడా లేదు.

పదవి ఉత్పలదేనని కోదండపాణి ప్రకటించారు. హైమవతి అది పట్టించుకోలేదు.

"నేనేం చేస్తున్నానో ఒక్కసారైనా చూడాలనిపించలేదుటే నీకు?"

"మీ పని మీరు చూసుకుంటారు కదా మేడమ్. నేనెందుకండీ చూడ్డం?" అంది ఉత్పల, అమాయకంగా.

రెండుసార్లు చూశానని అబద్ధమాడినా హైమవతి ఆ పిల్లను క్షమించేసేది.