ఫ్యాన్ ఆపిన చెయ్యి

ఆల్బం టేబుల్ మీదే ఉంది. అందులోని చార్మినార్ బొమ్మ స్టాంపులు మాత్రం లేవు.

నరహరి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. లేవు. నారాయణపేట మగ్గాల వాడలో గడప గడపా తిరిగి, పాత కవర్ల మీంచి ఒలిచి పోగేసిన నిజాం కాలపు స్టాంపులవి. వచ్చే వారం మ్యూజియానికి ఇస్తానని మాటిచ్చాడు. కొత్త ఆల్బంలో అమర్చాలని అన్నీ అతికించకుండా పేజీల్లో వదులుగా పెట్టుకున్నాడు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని మ్యూజియం మెట్లెక్కాలి?

భార్య ఆండాళుతో పదకొండింటికి దవాఖానకు వెళ్లి, పన్నెండున్నరకు వచ్చాడు. ఆ మధ్యలో ఇంట్లో ఉన్నది రంగులేసే యాదయ్య ఒక్కడే.

"ఇంకెవడు తీస్తడు? స్టేషన్ల కూసోబెడితే వాడే కక్కుతడు," అన్నాడు కృష్ణకాంత్.

పక్కవీధిలో చీరల దుకాణం కృష్ణకాంత్‌ది. స్టాంపుల పిచ్చిలో నరహరికి నలభై ఏళ్ల జోడీ. కబురందగానే పరుగెత్తుకొచ్చాడు. అతణ్ణి చూడగానే నరహరికి కొండంత ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంతోనే ఫిర్యాదులో యాదయ్య పేరు రాశాడు.

ఎస్సై స్వర్ణలత నాలుగింటికి వచ్చింది. నరహరి ఫ్యాన్ ఆపి ఆల్బం తెరిచి చూపించి, మూసి మళ్లీ ఫ్యాన్ వేశాడు. కృష్ణకాంత్ అందరికీ చాయ్ చెప్పొస్తానని బయటికి వెళ్లాడు.

"యాదయ్యా, నడుమల బయటికి పోయినవా?"

"చాయ్ తాగనీకి పోయిన మేడం. తలుపు దగ్గరికేసిన."

"ఎంతసేపు?"

"పావుగంట. పిల్లల మీద ఒట్టు, గా కాగితం ముక్కలు నాకెందుకు మేడం?"

ఎస్సై ఆండాళు వైపు తిరిగింది. "అమ్మా, మీరొచ్చినప్పుడు ఇల్లెట్లుండె?"

"ఈ రూముల ఫ్యాన్ స్విచ్ బందుండె. గోడ ఆరాలె, తిరగనియ్యుండ్రి అని యాదయ్యనే చెప్పిండు. మళ్ల ఎందుకు బంద్ చేసిండో!"

"నేను ముట్టలే అమ్మా!"

దొంగతనం జరిగితే ఫ్యాన్ గొడవేమిటని నరహరి విసుక్కున్నాడు.

కృష్ణకాంత్ తిరిగొచ్చాడు. ఎస్సై మూసి ఉన్న ఆల్బం అతని ముందు పెట్టింది. "సార్, ఇంకేమన్న పోయినయా, జర చూసి చెప్పండి."

కృష్ణకాంత్ లేచి ఫ్యాన్ ఆపాడు. వచ్చి కూర్చుని ఆల్బం తెరిచాడు. ఇంకేమీ పోలేదన్నాడు.

ఎస్సై ఫ్యాన్ వేసి, ఆల్బం మూసి యాదయ్యకిచ్చింది. "నువ్వు తెరువు."

అతను గబుక్కున తెరిచాడు. స్టాంపులు గదంతా ఎగిరాయి. నరహరి అయ్యయ్యో అంటూ నేల మీద పడి ఏరుకున్నాడు.

"దొంగకు స్టాంపులంటే పాణం," అంది ఎస్సై. "అంత తొందరల గూడ ఫ్యాన్ ఆపందే ఆల్బం తెరువలే. ఇక్కడ ఆ అలవాటు ఇద్దరికే ఉంది. ఒకరు దవాఖానల ఉండిరి. రెండో ఆయన మీరు, కృష్ణకాంత్ గారూ."

కృష్ణకాంత్ తలెత్తలేదు. "దుకాణంల ఉన్నయి," అన్నాడు.

ఇంకెవరైనా అయితే నరహరికి ఇంత బాధ ఉండేది కాదు. "నువ్వా? అడిగితే ఇయ్యకపోదునా?"

"నేను అడగాల్నా? మగ్గాల వాడంత ఎవరితోని తిరిగినవ్ నరహరీ? గవి మనిద్దరివి. మ్యూజియమోళ్లకు ఒక్క నీ పేరే చెప్పినవ్. నన్ను ఒక్క మాటడిగినవా?"

మ్యూజియం వాళ్లు పేర్లు అడిగినప్పుడు నరహరికి కృష్ణకాంత్ గుర్తుకైనా రాలేదు. అది నిజమే. అయినా ఒళ్లు మండిపోయింది.

"మరి గా యాదయ్యేం జేసిండురా? నీ పాపం ఆయన నెత్తిన పెడతవా?"

"నేను నోటితోని అన్న. కాయిదం మీద రాసింది నువ్వు."

జీపు కృష్ణకాంత్‌ను ఎక్కించుకుని వెళ్లిపోయింది. యాదయ్య బ్రష్షులు కడుక్కుని డబ్బాలో వేసుకున్నాడు.

"యాదయ్యా..." అన్నాడు నరహరి.

"వంటింటి గోడ మిగిలింది సారూ. ఇంకెవల్నన్న పెట్టుకోండ్రి," అని అతని మొహం చూడకుండానే యాదయ్య గడప దాటాడు.