కడగని గ్లాసు

సాక్షులిద్దరిలో ఒకాయన సోమవారం భోజనం చేస్తూ చేస్తూనే బల్లమీదికి ఒరిగిపోయాడు. డాక్టర్లు గుండెపోటన్నారు. రోమ్‌లో గూఢచారి విభాగం చీఫ్ మాత్రం ఆ మాట నమ్మలేదు.

మిగిలింది ఇంజనీరు క్వింతో బెలార్దినెల్లి. అంకోనా రేవులో తయారవుతున్న జలాంతర్గామి డ్రాయింగులు విదేశీ ముఠాకి ఎవరు అమ్మారో ఆయనకి తెలుసు. శుక్రవారం జడ్జి ముందు ఆ పేరు చెప్పాలి. అందాకా ఆయన ప్రాణానికి పూచీ ఏజెంట్ ఒరెస్తెది.

ఆయన్ని ఇంట్లో కూచోబెడితే సరిపోతుంది కదా అన్నాడు ఒరెస్తె.

"జూలైలో పోర్తొనోవో ఒడ్డున భోజనం మానమంటే ఆ మనిషి సాక్ష్యమే మానేస్తానంటున్నాడు," అన్నాడు చీఫ్. "నువ్వు ద్రాక్షతోటలవాళ్ల బిడ్డవి. వైన్‌లో నలక పడ్డా నీ నాలుక పట్టేస్తుందంటారు. నువ్వు రుచి చూశాకే ఆయన తాగాలి."

ఒరెస్తె తలూపాడు. ఆ నాలుక ఫిబ్రవరిలోనే చచ్చిందని చెప్పలేదు. భార్య నీవెస్‌ని మట్టిచేసి వచ్చిన రోజునుంచి ఏం తిన్నా అట్టముక్క నమిలినట్టే ఉంది. ఏడుపు రాలేదు. రానందుకు బాధా లేదు. నిజం చెబితే సెలవిస్తారు, సెలవిస్తే ఆ ఖాళీ ఇంటికి వెళ్లాలి.

పోర్తొనోవోలో ఎండ దంచేస్తోంది. ఇంజనీరు అప్పటికే హోటల్ పందిరికింద కూచుని, రాళ్లమీంచి కోసుకొచ్చిన ఆల్చిప్పలు ఇంకా ఉడకలేదేమని వెయిటర్‌ని సాధిస్తున్నాడు. ఒరెస్తె ఆయన మేనల్లుడి వేషంలో ఉన్నాడు. పూల చొక్కా, గడ్డి టోపీ, చెవిలో శనగగింజంత రేడియో, జేబులో విషం తగిలితే నీలంగా మారే చెంచా. ఒడ్డున వలలు బాగుచేస్తున్న ఇద్దరూ విభాగం మనుషులే.

వైన్ సీసా పట్టుకుని తెల్ల ఏప్రన్‌లో డెల్ఫీనా వచ్చింది. విభాగంలో అందగత్తె ఎవరంటే అందరూ ఆమె పేరే చెబుతారు. ముఠాలో చేరి, వాళ్ల కబుర్లు చీఫ్‌కి మోస్తున్న మనిషి. ఆమెని పంపుతున్నట్టు చీఫ్ ముందే చెప్పాడు. అయినా కోడ్ అడగాలి.

"ఈ ఎండకి ఏం తాగమంటారు?"

"సముద్రపుగాలి తిన్న వెర్దిక్కియో వైన్ అయితే మేలు," అంది. ఆ పైన వంగి, చిక్కి సగమయ్యావేమని లోగొంతుకతో జాలిపడింది.

సీసా సీలు వాళ్లెదురుగానే తీసింది. తన గ్లాసులో ఒక గుక్కెడు పోసి, చుట్టూ తిప్పి, దాన్ని ఒరెస్తె గ్లాసులోకి వంచింది. అందులోనూ తిప్పి ఐసు బకెట్లో పారబోసింది. తర్వాత తనకీ అతనికీ పోసి, ముందు తనే తాగింది. ఒరెస్తె చెంచా ముంచాడు. తెల్లగానే ఉంది. తాగాడు. చల్లగా తగిలింది, అంతే. నిమ్మపులుపూ లేదు, చివర్లో నాలుకకి తగలాల్సిన బాదం చేదూ లేదు. బాగుందన్నట్టు తలాడించాడు.

డెల్ఫీనా ఇంజనీరు గ్లాసు నింపింది. ఆయన ఎత్తి వెలుతురుకి పెట్టి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

ఒరెస్తెకి ఏదో తేడా కొట్టింది. అది నాలుకకి కాదు, కంటికి. తను పుట్టిపెరిగిన యేసి కొండల్లో వైన్ పోసేముందు అదే వైన్‌తో గ్లాసులన్నీ కడుగుతారు. బీరువా వాసన పోవాలని, ఒక్క గుక్కెడే గ్లాసునుంచి గ్లాసుకి తిప్పి చివర్న పారబోస్తారు. డెల్ఫీనా ఒకటి మిగిలుండగానే పారబోసింది.

గ్లాసు ఇంజనీరు పెదవికి తగలబోతోంది. ఒరెస్తె బల్లమీదుగా చెయ్యి చాపి గ్లాసుని కిందికి నొక్కేశాడు. సగం వైన్ ఆయన చొక్కామీద పడింది. మిగిలిన సగంలో చెంచా ముంచితే నీలంగా మారింది.

డెల్ఫీనా చెయ్యి ఏప్రన్ కిందికి పోయేసరికి వలలవాళ్లిద్దరూ పిస్తోళ్లతో వెనకే ఉన్నారు. చనిపోతూ చనిపోతూ ఒక మనిషి బతికాడు. ఒరెస్తె చేతులు కాస్తయినా వణకలేదు. వణికితే బాగుండుననిపించింది.

"నీ నాలుకకి అంత పదునుందా?" అంది డెల్ఫీనా, చేతులకి బేడీలు పడుతుంటే.

"నాలుక ఏమీ చెప్పలేదు. ఒక్క గ్లాసూ కడక్కుండా పోసుంటే, పనిలో బద్ధకం అనుకుని ఊరుకునేవాణ్ణి. ఆయనది వదిలేసి మిగతావి కడిగావు."

"కడిగితే గ్లాసుకి పూసిన మందు పోతుంది కదా."

"మరి మనవెందుకు కడిగావు?"

ఆమె నిజంగానే చిన్నబుచ్చుకుంది. "కడక్కుండా ఎలా పోస్తారు, ఒరెస్తె? నేనూ యేసి కొండల్లో పుట్టినదాన్నేగా."

ఆమెని తీసుకుపోయారు. ఇంజనీరు ముఖంలో నెత్తురుచుక్క లేదు. వెయిటర్ ఆల్చిప్పలు తెచ్చి పెట్టాడు.

"సీసాలోది మంచిదేనా?" అన్నాడు ఇంజనీరు.

"మంచిదే, ఇంజనీరుగారూ. ఆవిడ కూడా తాగింది."

"అయితే కొత్త గ్లాసు తెప్పించండి. ఇవి చల్లారితే తినలేం."

గ్లాసు వచ్చింది. ఒరెస్తె సీసా ఎత్తబోతే ఇంజనీరు వద్దని, తనే అందుకుని, సాక్ష్యం చెప్పాల్సిన మనిషి కాబట్టి, సీసాలో సగం ఆ ఒక్క గ్లాసు కడగడానికే పారబోశాడు.