ఊఁ అనొద్దన్న అవ్వ

మధ్యాహ్నం వాన పట్టింది. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో, జిరాక్స్ షాపు మీది గదిలో సిద్దార్థ తీరిగ్గా మిర్చి బజ్జీలు తింటున్నాడు. ఆ తిండి చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

సిద్దార్థ కంప్యూటర్ ఆటలు తయారు చేస్తాడు. కొత్త ఆట నీటి అడుగున బతికేవాళ్ల గురించి. వాళ్లకో భాష కావాలన్నాడు, నేను కల్పించి ఇచ్చాను. నోరు తెరిస్తే నీళ్లు లోపలికి పోతాయి కనుక మాటలన్నీ పెదాలు మూసి, ముక్కుతో పలికేవే. ఒక్క నియమం మాత్రం మా అవ్వ దగ్గర తీసుకున్నాను. కథ చెబుతుంటే ఊఁ కొట్టాలి. కొట్టకపోతే చెప్పేవాళ్లు ముందుకు సాగరు. ఆటలోనూ అంతే, ఊఁ అంటేనే నీళ్లవాళ్లు దగ్గరికొస్తారు.

మా అవ్వ హన్మవ్వ ఎల్లారెడ్డిలో ఉంటుంది. నన్ను పెంచింది ఆమే. వాళ్లమ్మ పుట్టిన ఊరు ఎప్పుడో నిజాంసాగర్ ప్రాజెక్టు కట్టినప్పుడు నీళ్ల కిందికి పోయింది. “నీళ్ల దిక్కు నుంచి పిలిస్తే ఊఁ అనకు బిడ్డా, ఒప్పుకున్నట్టయితది” అనేది.

ఈ దొంగ సిద్దార్థ నాకు చెప్పకుండా ఎల్లారెడ్డి పోయాడు. అవ్వకు ఏదో కథ చెప్పి, ఆమె ఊఁ కొట్టిందల్లా ఫోన్లో రికార్డు చేసుకొచ్చాడు. ఆటలో నీళ్లవాళ్లు పిలిచిన ప్రతిసారీ అవ్వ గొంతే ఊఁ అంటుంది. ఎవడబ్బ సొమ్మని? అప్పటి నుంచి అవ్వ నోరు తెరుచుకోలేదు. ముక్కులోంచి ఊఁ... ఊఁ... దిండంతా తడి. పాచి వాసన. డాక్టరుకేమీ అర్థం కాలేదు. తిండి దిగక అవ్వ ఎండిపోతోంది.

“అవ్వ గొంతు తీసెయ్” అన్నాను.

“ముసలామె ఊఁ అంటే ఏమైతది అనిలా?”

“తీస్తవా, కంప్యూటర్ పలగ్గొట్టాల్నా?”

నా మొహం చూసి తీసేశాడు. అప్పుడే కరెంటు పోయింది.

ఆగిపోయిన స్పీకర్లోంచి, పెదాలు మూసుకుని పిలిచినట్టు, ఓ పిలుపు. ఆగింది. మళ్లీ... ఇంకొంచెం దగ్గరగా. మళ్లీ ఆగింది... జవాబు కోసం. నేను నోటి మీద చెయ్యి అదుముకున్నాను. గదిలో పాచి వాసన.

సిద్దార్థ మసక చీకట్లో ఫోను వెతుక్కుంటున్నాడు. పిలిచింది నేననుకున్నాడు.

“ఊఁ... ఏంది?”

అంతే. ఆ పెదాలు మళ్లీ విడలేదు. ముక్కులోంచి నీళ్లు చొక్కా మీదికి కారుతున్నాయి. కళ్లు నన్ను బతిమాలుతున్నాయి. నాకు జాలి రాలేదు. బాగా అయింది అనుకున్నాను.

నా ఫోను మోగింది. అవ్వకు తోడుంటున్న పక్కింటి ప్రమోద నంబరు.

“బిడ్డా...”

అవ్వ గొంతే. నోరు తెరుచుకుంది. నాకు ఏడుపొచ్చింది.

“ఇంటికొస్తున్నవా?”

“ఊఁ” అన్నాను.

“ఎవరితోటి మాట్లాడుతున్నవ్ అక్కా?” ఈసారి ప్రమోద. “ఫోను నా చేతులనే ఉంది. అవ్వ ఇంకా నోరు తెరవలే.”

జవాబు చెప్పబోయాను. నాలుక మీద పాచినీళ్ల రుచి తగిలింది.