కట్ట మీది ముడి

శుక్రవారం పొద్దున కరీంనగర్‌లో డిటెక్టివ్ పర్శరాములు గడప ఎక్కింది సత్తమ్మ.

“అయ్యా, మా సారయ్య సర్టిఫికెట్లు పోయినయి. సోమవారం హైదరాబాద్‌ల ఇంజనీరు కాలేజీల చేరకుంటె సీటు పోతది.”

అది 1959. సిరిసిల్ల పక్క ఊళ్లో నలభై మగ్గాల వాళ్లు వారానికో గజం బట్ట పక్కకు తీసి అమ్మి, ఆమె కొడుకు చదువుకు కూడబెట్టారు. చదివొస్తే ఊళ్లోనే రంగుల కార్ఖానా పెడతాడని వాళ్ల ఆశ. సర్టిఫికెట్ల కట్ట భద్రంగా ఉంటుందని నేత సంఘం అల్మారాలో పెట్టారు. నిన్న దారం కోసి చూస్తే లోపల పాత పంచాంగం ఉంది.

మధ్యాహ్నం బస్సుకు పర్శరాములు, అసిస్టెంటు హనుమంతు ఊళ్లో దిగారు. అల్మారా తాళంచెవి ముగ్గురికే అందుతుంది. ఒకడు ఆదిలాబాద్ పత్తి జిన్నింగు మిల్లు నుంచి వచ్చిన గుమస్తా అంబదాస్. ఇంకొకడు ఆఫీసు ఊడ్చే రైతు గంగయ్య. మూడో మనిషి సంఘం పెద్ద బాలమల్లు. తండ్రి పోయిన సారయ్యకు మగ్గం నేర్పింది ఆయనే.

“కట్ట ఎవరు కట్టిన్రు?”

“నేనే సాబ్. రెండు పెద్ద ముళ్లు ఏసిన,” అన్నాడు అంబదాస్.

కోసిన దారం మీద ముడి ఒక్కటే ఉంది, జొన్నగింజ కన్నా చిన్నది.

“వారం సంది మగ్గం ఎక్కలే, నడుము నొప్పి,” అన్నాడు బాలమల్లు. ఆయన ఇంట్లో మగ్గం మీద దుమ్ము పేరుకుంది. నేసిన బట్ట చుట్ట మాత్రం ఒక పక్క ఉబ్బి ఉంది.

సాయంత్రం పర్శరాములు సత్తమ్మ, సారయ్యతో సహా అందరినీ ఆ మగ్గం ముందే కూర్చోబెట్టి, ముగ్గురికీ తెగిన పోగులు ఇచ్చి ముడి వేయమన్నాడు.

“నాకు ఎడ్ల పలుపు ముడే వస్తది సారూ,” అన్నాడు గంగయ్య. అందరూ నవ్వారు.

అంబదాస్ రెండు లావు ముళ్లు వేశాడు. బాలమల్లు వేళ్లు కన్ను మూసి తెరిచేలోగా ముడి వేశాయి. కొసలు పంటితో కొరికేశాడు. కొరికాక ఆగిపోయాడు.

పర్శరాములు పాత దారం పక్కన పెట్టాడు. “ముడి పెద్దగుంటె మగ్గంల ఇరికి పోగు తెగుతది. అందుకే నేసేటోళ్లు గింత చిన్నగ ఏస్తరు. ఈ కట్టకు గూడ అదే ముడి. కొసలు కత్తితోని కోసినవి గావు, కొరికినవి. దొంగతనంల గూడ చెయ్యి అలవాటు తప్పలే.”

బట్ట చుట్ట విప్పాడు. కాగితాలు జారి పడ్డాయి. హనుమంతు నోరు తెరిచాడు.

“ఇయ్యాల రంగుల కార్ఖాన అంటరు, రేపు కరెంటు మగ్గాలంటరు,” అన్నాడు బాలమల్లు. “నాకు గీ చేతిపని తప్ప ఏమున్నది? కాగితాలు కాలబెట్ట మనసు రాలే.”

“మొదటి గజం కోసింది నువ్వే గద అన్నా! గప్పుడే కాదనకపోతివి?” అంది సత్తమ్మ.

“గప్పుడు వానికి సీటు వస్తదనుకోలే.”



హనుమంతు కాగితాలు సర్దాడు. అలవాటుగా బాలమల్లు చేయి దారం కోసం ముందుకొచ్చింది. సారయ్య కట్టను వెనక్కి లాక్కుని తనే కట్టుకున్నాడు. చిన్న ముడి. కొసలు పంటితో కొరికి, బస్సు కోసం నడిచాడు.