పులిసిన నీరా

"కల్లు! నా ఇంట్లో కల్లు! కడుపుతో ఉన్న కోడలు సీసా ఎత్తుకుని తాగుతుంటే చూడ్డానికా దేవుడా నన్నింతకాలం బతికించావు!"

సుమతమ్మగారి కేకకు పక్క ఫ్లాటులోని గుజరాతీ ఆవిడ తలుపు తీసి తొంగిచూసి, ఇది తమ భాషలో అర్థమయ్యే గొడవ కాదని మళ్ళీ వేసుకుంది. బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కన కోమలి శిలలా నిలబడిపోయింది. ఆమె చేతిలో ప్లాస్టిక్ సీసా. సీసా మూతి నుంచి నురగ పొంగి వేళ్ళ మీదుగా కారుతోంది. పెదవులకు ఇంకా బెత్తెడు దూరంలోనే ఉంది ఆ సీసా... కానీ ఆ బెత్తెడు దూరం అత్తగారి కళ్ళకు ఎలా కనిపిస్తుంది! మధ్యాహ్నం కునుకు తీసి, ఆరేసిన చీర తీసుకుందామని వచ్చిన ఆవిడకు కనిపించింది ఒక్కటే... ఎత్తిన సీసా, తెరిచిన నోరు!

"తాగలేదత్తయ్యా... నామీద ఒట్టు, ఒక్క చుక్క తాగలేదు."

"ఇంకా అబద్ధమా! ఈ వాసన చాలదూ? మా వంశంలో మందు వాసన ఎరిగినవాళ్ళే లేరమ్మా! నీ పుట్టింటివాళ్ళు కల్లు గీసేవాళ్ళని అందరూ చెవిలో ఇల్లుకట్టుకుని పోరారు. మావాడు వింటేనా! ప్రేమన్నాడు, పెళ్ళన్నాడు. సరే, కులం ఏదైతేనేం, పిల్ల మంచిదైతే చాలనుకున్నాను. నా నమ్మకానికి ఇదా నువ్వు చేసింది!"

ఆవిడ సీసా లాక్కుని సింకులో ఒంపేసి, వెంటనే హజీరా ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉన్న కొడుక్కి ఫోన్ చేసింది. "శ్రీహర్షా! నీ పెళ్ళాన్ని రేపు రైలెక్కించి వాళ్ళ నాన్న దగ్గరికి పంపేయ్. కాన్పయ్యేదాకా అక్కడే ఉండనీ. నా కళ్ళెదుట రెండో బిడ్డ కూడా పోతే నేను తట్టుకోలేనురా!"

రెండో బిడ్డ కూడా... ఆ మాట విన్నాక కోమలి అక్కడ నిలవలేక గదిలోకి వెళ్ళి మంచం మీద కూలబడింది.

నిజం చెబితే ఎవరు నమ్ముతారు? కొన్నప్పుడు అది కల్లు కాదు, నీరా... చెట్టు నుంచి దించిన పులియని తాజా రసం. చలికాలం వస్తే సూరత్‌లో పొద్దున్నే రోడ్డు పక్కన లైసెన్సు బోర్డు పెట్టి మరీ అమ్ముతారు. నడకకు వెళ్ళిన పెద్దవాళ్ళు, స్కూటర్ల మీద పోయే పిల్లలు అందరూ గ్లాసు గ్లాసు తాగి పోతారు. తియ్యగా, చల్లగా ఉంటుంది. అందులో మత్తుండదు. డాక్టరమ్మ చెప్పిన నడకకని బయల్దేరిన కోమలికి మొదటిరోజే ఆ బండి కనిపించింది. సీసాలో పోసిస్తూ, "బెహన్, ధూప్‌మే మత్ రఖ్‌నా, ఖరాబ్ హో జాయేగా" అన్నాడు అమ్మేవాడు. ఎండలో పెడితే పులిసి కల్లవుతుందని ఆమెకెవరు చెప్పాలి! అందుకే కావాలని పెట్టింది. సూరత్ అడాజన్ పేటలోని ఫ్లాటు బాల్కనీలో ఎండ పడే మూల చూసి నీరాను పులియబెట్టడం ఈ ఊళ్ళో ఇంకే ఇల్లాలికీ తోచని పని. అమ్మ దగ్గర పెరిగిన కోమలికి మాత్రమే తోచింది.

జగిత్యాల దగ్గర పల్లెలో తండ్రి ఈశ్వరయ్య ఈతచెట్లు గీసి తెస్తే, తల్లి వెంకటలక్ష్మి కల్లు అమ్మే మండువాలో కుండల ముందు కూర్చుని అందరికీ పోసేది. బడి నుంచి వచ్చిన కోమలి పుస్తకాల సంచీ పారేసి నేరుగా వెళ్ళి ఆ ఒళ్ళో తల పెట్టుకునేది. అమ్మ చీరకు పుల్లటి వాసన. ఆ చేతులకూ అదే వాసన. ఊళ్ళో పిల్లలు ముక్కు మూసుకుని వెక్కిరించేవాళ్ళు. తనకు మాత్రం ఆ వాసనకే నిద్ర పట్టేది! మొదటి బిడ్డ నాలుగో నెలలో జారిపోయి తను మంచం మీద ఉన్నప్పుడే అక్కడ అమ్మ గుండె ఆగింది. డాక్టరమ్మ కదలొద్దంది. పచ్చి ఒళ్ళు, ప్రయాణం వద్దని అత్తగారూ అన్నారు. కోమలి కదల్లేదు. కోమలి అన్న ఫోనులో చూపించిన మొహమే అమ్మ ఆఖరి మొహం...

అందుకే ఆ సీసా. రోజూ మధ్యాహ్నం అత్తగారు తలుపేసుకుని పడుకున్నాక మూత తీసి, కళ్ళు మూసుకుని వాసన చూసేది. కరువుతీరా ఏడ్చేది. తర్వాత సింకులో ఒంపేసి, సీసా కడిగి పెట్టేసేది. అంతే! కానీ ఇవాళ... ఇవాళ మాత్రం చెయ్యి దానంతటదే పైకి లేచింది. అత్తయ్య రాకపోతే ఏం చేసి ఉండేదో కోమలికే తెలియదు. అదే ఆమెను నిలువునా దహిస్తోంది.

సాయంత్రం కంపెనీ బస్సు దిగి శ్రీహర్ష ఇంట్లోకి అడుగుపెట్టేసరికి హాల్లో పంచాయితీ సిద్ధంగా ఉంది. టీ కూడా ఇవ్వలేదు తల్లి.

"అడుగు! మందెందుకు తాగిందో అడుగు నీ పెళ్ళాన్ని!"

"ఏంటి కోమలీ ఇది?" అన్నాడు అతను చూపులు నేలమీద పెట్టి.

"తాగలేదు. వాసన కోసం పెట్టుకున్నాను."

"వాసన కోసమట!" అని నవ్వింది సుమతమ్మ. ఆ నవ్వులో సంతోషం లేదు, ఏడుపే ఉంది. "వాసన కోసం సీసా నోటిదాకా వస్తుందా? నిజం చెప్పు. మొదటిసారి కూడా ఇలాగే తాగే ఆ పసిగుడ్డును పోగొట్టుకున్నావు కదూ? నేను రోజూ దీపం పెట్టి మనవడి కోసం మొక్కుతుంటే, నువ్వు నా వెనకాల తాగుతూ కూర్చున్నావు కదూ!"

కోమలి మొగుడి వైపు చూసింది. ఒక్కసారి... ఒక్కసారే చూసింది. అతను వంగి బూటు లేసు విప్పుకోసాగాడు.

ఆ చూపులో ఉన్నదంతా వాళ్ళిద్దరికే తెలుసు. పెళ్ళయిన కొత్తలో శనివారం వచ్చిందంటే డామన్! గుజరాత్‌లో మందు నిషేధం కాబట్టి, సరిహద్దు దాటి అక్కడికి పోయి తాగి రావడం ఈ ప్రాంతంలో చాలామందికి అలవాటే. శ్రీహర్ష స్నేహితులు, వాళ్ళ భార్యలు, సముద్రం ఎదురుగా హోటలు. మొదట కోమలి వద్దంది. "మీవాళ్ళంతా తాగుతారు కదా, నీకేం కొత్త?" అని అతనే నవ్వుతూ గ్లాసు చేతికిచ్చాడు. ఆ మాటకు మనసు చివుక్కుమన్నా తాగింది. తర్వాత... నిజం దాచడమెందుకు... ఇష్టపడింది కూడా. అతను షిఫ్టుల్లో మునిగిపోయి వారమంతా కనబడకపోతే శనివారం కోసం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసింది. గ్లాసు ముందుంటేనే ఆ మనిషి తనతో మాట్లాడేవాడు మరి! అప్పటికే కడుపులో నలుసు పడిందని ఆమెకు తెలియదు. తెలిసిన రోజు నుంచి గ్లాసు ముట్టలేదు. అయినా బిడ్డ నిలవలేదు. దానివల్లే పోయిందని చెప్పలేమమ్మా అంది డాక్టరమ్మ. కోమలి మనసు మాత్రం ఒప్పుకోలేదు.

"మాట్లాడవేం?" అని గద్దించింది అత్తగారు.

కోమలి లేచి నిలబడింది. ఈ ఇంట్లో కాలు పెట్టిన నాటి నుంచి "'గట్ల' కాదు, 'అలా' అనాలి" అని అత్తగారు దిద్దుతూ వచ్చిన యాస, ఆమె ఇంతకాలం పళ్ళ బిగువున అణచుకున్న యాస, అప్పుడు కట్టలు తెంచుకుంది.

"అవ్ అత్తయ్యా! అప్పుడు తాగిన. నేనే తాగిన. నా బిడ్డను నేనే పోగొట్టుకున్ననని రోజు ఏడుస్తున్న. మీరు కొత్తగ అనేదేంది! ఈయనకేం తెల్వదు. ఈయన్నేం అనకుండ్రి. రేపు రైలెక్కి మా నాయన దగ్గరికి పోత. కానీ ఇయ్యాల తాగిననంటే మాత్రం ఒప్పుకోను. నోటిదాంక తెచ్చుకున్న. అది నిజం. నాకు భయమైతుంది అత్తయ్యా... మీరు రాకుంటే తాగుదునో ఏమో! గీ బిడ్డను గూడ పోగొట్టుకుందునో ఏమో!"

ఆమె గదిలోకి వెళ్ళి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది. "ఈయనకేం తెల్వదు"... ఆ అబద్ధం శ్రీహర్షను చెంపదెబ్బకన్నా గట్టిగా కొట్టింది. తన పరువు కోసం ఆమె తల వంచిందని అతనికి అర్థమైంది. అర్థమై కూడా ఇంకా కూర్చుంటే మనిషే కాదనిపించింది.

"అమ్మా..." అన్నాడు. "పోసింది నేను. డామన్‌లో... తను వద్దంటున్నా నేనే పోశాను. నేనే తాగించాను!"

సుమతమ్మ కేకలు పెడుతుందనుకున్నాడు. పెట్టలేదు. కుర్చీలో మెల్లగా వెనక్కి వాలింది.

"సముద్రం చూడ్డానికన్నావు కదరా... సోంపు నములుతూ ఇంటికొచ్చేవాడివి. నాకు వాసన తెలియలేదనుకున్నావా? తెలిసేది. మగపిల్లాడు, కష్టపడి సంపాదిస్తున్నాడు, పోనీలే అని ఊరుకున్నాను. నీ దగ్గర ముక్కు మూసుకున్నదాన్ని, ఇవాళ దాని దగ్గర ఇంటి కప్పెగిరిపోయేలా అరిచానురా! నీకేనా సిగ్గు లేనిది? నాకు లేదూ!"

ఆవిడ కళ్ళు తుడుచుకుని కోడలి గదిలోకి వెళ్ళింది. సూట్‌కేసులో మడతపెట్టిన చీరలు ఒక్కొక్కటీ తీసి మళ్ళీ బీరువాలో పెట్టసాగింది. కోమలి బిత్తరపోయి చూస్తూ నిలబడింది.

"నువ్వెక్కడికీ వెళ్ళడం లేదు. వెళ్ళాల్సొస్తే నేనూ వస్తాను. రేపటి నుంచి మధ్యాహ్నాలు నా గదిలో పడుకో. నిద్ర రాకపోతే నన్ను లేపు. భయమేస్తే లేపు. ఆ కోరిక పుడితే కూడా లేపు, నేనేమీ అనుకోను. ఎల్లుండి ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెబుదాం. ఏదీ దాచొద్దు."

"అత్తయ్యా..."

"వాసన కోసమన్నావు. ఎవరి వాసనే?"

"మా అమ్మది. ఆమె చీరెకు గదే వాసన ఉండె. పోయినప్పుడు ఫోన్ల చూసిన... ఫోన్ల వాసన రాదు కద అత్తయ్యా!"

సుమతమ్మ చేతిలోని చీర జారిపోయింది. ప్రయాణం వద్దన్నది తనే! మంచికే చెప్పింది, నిజమే. కానీ ఆ తర్వాత ఒక్కనాడైనా ఈ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని మీ అమ్మ ఎలా ఉండేదే అని అడిగిందా? లేదు. కల్లమ్మిన మనిషి గురించి ఏం అడుగుతాంలే అనుకుంది! ఆవిడ కోడల్ని మంచం మీద కూర్చోబెట్టి, తల లాగి తన భుజాన ఆనించుకుంది. హాల్లో శ్రీహర్ష ఏడుస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఏడవనీ అనుకున్నారు ఇద్దరూ.

"మీ అమ్మ నిన్నేమని పిలిచేదే?"

"బిడ్డా అని."

"బిడ్డా..." అంది సుమతమ్మ. కాకినాడలో పుట్టిపెరిగిన ఆవిడ నోట్లో ఆ పిలుపు అటూ ఇటూ కాకుండా పలికింది.

ఏడుపులోనే నవ్వొచ్చింది కోమలికి. "గట్ల కాదత్తయ్యా. జర సాగదీస్తది మా అమ్మ. పనిల ఉన్నా సరే, తిరిగి చూడకుంటనే పిలుస్తది. బిడ్డా... అని."

ఇన్నాళ్ళూ కోడలి మాట దిద్దిన ఆవిడ, మొదటిసారి కోడలు దిద్దినట్టు పలకడానికి గొంతు సవరించుకుంది. "బిడ్డా..."

కోమలి కళ్ళు మూసుకుంది. అది అమ్మ గొంతు కాదు. ఎన్నటికీ కాబోదు. అయినా కడుపు మీద చెయ్యి వేసుకుని, "ఓ... అమ్మా!" అని పలికింది.